పదకొండో తప్పు

పొద్దున ఏడింటికి ఆ ఇంట్లో రెండే చప్పుళ్లు. ఒకటి మిక్సీది, రెండోది అత్తగారిది. ఆ రోజు మిక్సీ ముందుగా ఆగింది. గరిటెలు ఏ సొరుగులో ఉండాలని మొదలైన మాట, పెళ్లయిన కొత్తలో పోయిన గిన్నె మూత దాకా వెళ్లింది. కళ్లద్దాల దుకాణం నడుపుకునే కొడుకు ఎప్పటిలాగే తల పళ్లెంలోకి దించి, ఏమీ వినపడనట్టు తిని బయటపడ్డాడు. గొడవ తెగకుండానే అత్తగారు చేతికర్ర టకటకలాడించుకుంటూ తన గదికి వెళ్లిపోయారు. కోడలు గుమ్మంలోంచే మందులేసుకున్నారా అని అడిగి, జవాబు వచ్చేలోగా చెప్పులేసుకుని వీధిలో పడింది.

అత్తగారు ముప్పైనాలుగేళ్లు బడిలో భూగోళం చెప్పి కిందటేడే రిటైరయ్యారు. ఎనిమిది నెలల కిందట మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆవిడ ఒకచోట కూర్చుంటే అదే పదివేలని, కోడలు ముందుగదిలో టీవీకి తన కంపెనీ చేసిన వీడియో గేమ్ తగిలించింది. కొండలు, ఊళ్లు, అడవులు ఉన్న పెద్ద లోకం అది, ఎటు కావాలంటే అటు తిరగొచ్చు. తన సొరుగుల జోలికి రారన్న ఆశ కూడా లేకపోలేదు. పిల్లకాయల ఆటలని మూతి ముడిచిన ఆవిడ మూడో వారానికల్లా ఆ లోకాన్ని మూలమూలా గాలించేశారు.

ఆ గేమ్‌కి ఇప్పుడు రెండో భాగం తయారవుతోంది. కోడలు ఆఫీసులో అడుగుపెట్టేసరికి గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. గేమ్ ఆడేవాళ్లు రాసుకునే సైటులో ఎవరో 'ఎర్రసిరా' అనే పేరుతో పెట్టిన జాబితా అది, రెండో భాగంలో ఉండకూడనివి పదకొండు. వేలమంది మెచ్చుకున్నారట. బురుజు ఎక్కితే గానీ మ్యాపు తెరుచుకోకపోవడం ఉండకూడదు. సంచి బరువెక్కిందని వీరుడు నడిరోడ్డు మీద మొరాయించకూడదు. రెండడుగులకో బాణం గుర్తు అక్కర్లేదు, ఆడేవాళ్లకు కళ్లున్నాయి. ఉత్తరాన ఉన్న నది ఎగువకు పారుతోంది, ఏ నదీ అలా పారదు. చదివినవాళ్లంతా పగలబడి నవ్వుతున్నారు. పదకొండోది చదివాక కోడలికి మాత్రం నవ్వు రాలేదు.

అందులో తప్పుపట్టింది ఆమె చేతి పనినే. గేమ్‌లో వీరుడి తల్లి ఇంట్లో ఉంటుంది. మూడు రోజులకోసారి వెళ్లకపోతే ఆవిడకు జబ్బు చేస్తుంది, వీరుడి బలం తగ్గుతుంది. వెళ్లి ఒక బటన్ నొక్కితే ఆవిడ పలకరిస్తుంది, బలం తిరిగొస్తుంది. పద్నాలుగు నెలలు కూర్చుని చేసిందది. దాన్నే పెద్దది చేయడానికి ఆమె కింద ఆరుగురిని ఇస్తామన్నారు. 'ఈ తల్లిని తీసేయండి. చేసినవాళ్లకు పెద్దవయసంటే ఏమిటో తెలియదు' అని ఎర్రసిరా రాసింది. ఉంచాలో తీసేయాలో రేపటికల్లా చెప్పమని, తీసేస్తే ఆ ఆరుగురి మాట మరిచిపొమ్మని మేనేజరు తేల్చేశాడు.

జాబితా అడుగున 'చూశాను' అని రాసి, తేదీ వేసి ఉంది. కోడలి ఒళ్లు భగ్గుమంది. ఫ్రిజ్ మీది సరుకుల చీటీ కింద, మందుల చీటీ కింద ఆమె రోజూ చూసే అత్తగారి మాటే అది.

సాయంత్రం ఇంటికి రాగానే బ్యాగు కుర్చీలోకి విసిరి, టీవీకి అడ్డంగా నిలబడింది.

"ఎర్రసిరా మీరేనా అత్తయ్యా?"

"తప్పులు దిద్దడం నేరమా?" అన్నారు అత్తగారు, తల పక్కకు వంచి టీవీ చూస్తూనే.

"నా నోటి దగ్గర కూడు లాగేశారు. గరిటెలు సర్దినట్టు నా ఆఫీసు కూడా సర్దాలనుకున్నారా? అది నేను చేసిందని మీకు తెలీదా?"

"మొదటి రోజే తెలిసింది."

అప్పుడే వచ్చిన కొడుకు గుమ్మంలోనే ఆగిపోయాడు. సైటులో రాయడం నేర్పింది అతనే. ఆ సంగతి ముఖం మీదే కనిపిస్తుంటే, కోడలు అతనికీ నాలుగు వడ్డించింది. ఎనిమిది నెలలుగా కన్నతల్లికి కూడా చేయనంత చేశానని, దానికి ప్రతిఫలం వీధిలో పరువు తీయడమా అని గొంతు చించుకుంది.

అత్తగారు పక్కకు జరగమని సైగ చేసి, వీరుణ్ణి వాడి ఇంటికి నడిపించారు. కిటికీ పక్క కుర్చీలో గోధుమరంగు శాలువా కప్పుకున్న ముసలావిడ దగ్గి, "వచ్చావా, చెప్పులు సరిగ్గా పెట్టు" అంది.

"శాలువా నాది. మాట నాది. మొదట నవ్వుకున్నాను కూడా. తర్వాత వీణ్ణి గుమ్మంలో నిలబెట్టి మూడు వారాలు చూశాను, ఒక్కసారైనా కుర్చీలోంచి లేస్తుందేమోనని. లేవదు. నువ్వు దీన్ని చేసేనాటికి నేను రెండు బస్సులు మారి బడికి వెళ్తున్నానమ్మాయ్. అప్పటికే నన్ను కుర్చీలో కూర్చోబెట్టేశావు."

కోడలు ఏదో అనబోయింది.

"పొద్దున్నే మందులేసుకున్నారా అని అడుగుతావు. జవాబు ఏనాడైనా విన్నావా? నువ్వూ బటనే నొక్కుతున్నావు."

ఇదంతా ఉత్త గేమ్ అత్తయ్యా అని అనేద్దామనుకుంది కోడలు. కానీ శాలువా రంగు కుదరలేదని పదిసార్లు మార్చిన మనిషికి, ఆ తల్లిని ఒక్కసారి లేపి నిలబెట్టాలని తోచనే లేదు. కళ్లు నిండిపోయి టీవీ అలికినట్టయింది. ముఖం తుడుచుకుని అత్తగారి పక్కన కూర్చుంది.

"లేస్తే ఎక్కడికి వెళ్తుంది?" అంది చివరికి.

అత్తగారు దిండు కింద నుంచి గ్రాఫు కాగితాల పుస్తకం తీశారు. ఆ లోకమంతా కొలతలతో సహా ఎర్రసిరాతో గీసి ఉంది. ఉత్తరాన ఒకచోట వేలు పెట్టి, "ఆ నది ఎగువకు ఎందుకు పారుతోందో చూసి రావడానికి" అన్నారు.

పదకొండోదాంట్లో అన్నట్టు ఆ తల్లిని తీసేద్దామని, రాసింది మా అత్తగారని, ఆవిడ రాసింది నిజమేనని కోడలు మేనేజరుకు మెసేజ్ పెట్టింది. సరే అని మాత్రం జవాబు వచ్చింది, ఆరుగురి ఊసు లేదు.

మర్నాడు పొద్దున గరిటెల గొడవ మళ్లీ మొదలై, మళ్లీ తెగలేదు. కోడలు చెప్పులేసుకోబోతూ ఆగి, గదిలోపలికి వెళ్లి, మందులేసుకున్నారా అని అడిగింది. అత్తగారు కళ్లజోడు తీశారు, తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు. వీధి చివర కోడలు రోజూ ఎక్కే బస్సు వచ్చిన చప్పుడైంది, వెళ్లిపోయిన చప్పుడూ అయింది. కోడలు కదలకుండా అక్కడే నిలబడి ఉంది.

"ఇంకా లేదమ్మా" అన్నారు అత్తగారు. "కాసేపు కూర్చో."