కౌజుపిట్టల అంచు

"ఇది మన అంచే! ఆ చీర చేత్తో తడిమి చూసినా నేను... మన కౌజుపిట్టల అంచే!"

హిందూపురంలో బంధువుల గృహప్రవేశానికి వెళ్లి ధర్మవరం తిరిగొచ్చిన అనసూయమ్మ, చెప్పులైనా విప్పకుండా నడింట్లో నిలబడి అరుస్తోంది. అక్కడ ఎవరో ఆవిడ కట్టుకున్న చీరను ఫోటో తీయించుకుని మరీ వచ్చింది. పవర్‌లూమ్ చీర! ఎదురెదురుగా నిలబడిన జంట కౌజుపిట్టలు... చనిపోయిన భర్త రామప్ప సొంతంగా గీసిన అంచు అది. ఆ డిజైను నేయడానికి మగ్గానికి తగిలించే చిల్లుల అట్టలు ఈ ఇంటి మగ్గం మీద తప్ప లోకంలో మరెక్కడా లేవు. మరి బయటికి ఎలా వెళ్లింది?

ఆమె చూపు తిన్నగా కోడలు మంజులత మీద వాలింది.

మంజులత యూనివర్సిటీలో డిజిటల్ పాఠాలు రూపొందించే పీజీ చదువుతోంది. తరగతులన్నీ ల్యాప్‌టాప్‌లోనే. ఎదురుగా గురువు లేని మనిషికి ఫోనులోనే ఒక పని ఎలా నేర్పాలి, దాన్ని చిన్న చిన్న మెట్లుగా ఎలా విడదీయాలి, నేర్చుకునేవాళ్లు ఎక్కడ తడబడతారో ముందే ఎలా ఊహించాలి... అదీ ఆ చదువు. ఆఖరి ప్రాజెక్టుకి అచ్చు అతకడం ఎంచుకుంది. అంటే మగ్గం మీద అయిపోతున్న పడుగు కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా కలపడం. అందుకోసమే మగ్గం దగ్గర కూర్చుని వీడియోలు తీసింది. ఆ వీడియోలే ఇప్పుడు ఆమె గొంతుకు చుట్టుకున్నాయి!

"ఎవురికి పంపిస్తాండావు ఆ వీడియోలు? తలుపేసుకుని ఎవురితో మాట్లాడతాండావు?"

"మా మేడంతో అత్తా! పోగులు అతికేదే తీసినా, అంచు తియ్యలేదు. కావాలంటే చూడండి..."

"ఏం చూడాల? చూపించకూడనివి ముందే తీసేసుంటావులే!"

మంజులత నిర్ఘాంతపోయింది. మగ్గం గుంతలో కూర్చున్న భర్త వైపు ఆశగా తిరిగింది. "ఏమండీ... మీరైనా చెప్పండి! నేను అట్లాంటి పని చేస్తానా?"

కేశవ తల ఎత్తలేదు. చేతిలో తెగని పోగునే మళ్లీ మళ్లీ సరిచేసుకుంటూ ఉండిపోయాడు. ఆ మౌనం అత్త మాటలకన్నా లోతుగా దిగింది. ఆయనకూ అనుమానమేనా...?

ఆ సాయంత్రమే పెనుకొండలోని పుట్టింటికి చేరింది మంజులత. తల్లి ధనలక్ష్మి ఎంత అడిగినా కన్నీళ్లే సమాధానం! ల్యాప్‌టాప్ తెరవలేదు. 'పాఠం ఎప్పుడు పంపిస్తావమ్మా' అని మేడం పెట్టిన మెసేజ్‌కి జవాబూ ఇవ్వలేదు. బుర్రనిండా ఒకటే ప్రశ్న... నేను కాకపోతే ఎవరు?

మరిది మురళి! ఊరికే నా ఫోను అడిగి తీసుకునేవాడు. పవర్‌లూమ్ వాళ్లతో కలిసి టీలు తాగుతుంటాడు. నేను అడుగు పెట్టగానే ఫోను మాట్లాడటం ఆపేసేవాడు... అనుమానం ఒకసారి మొదలయ్యాక అతను నవ్విన నవ్వు కూడా నేరంగానే కనిపించింది. ఆగలేక ఫోను చేసింది.

"మురళీ! నిజం చెప్పు. అంచు నువ్వే ఇచ్చినావు కదా?"

"వదినా... అమ్మ నిన్ను అన్నప్పుడు, మా వదిన అట్ల చెయ్యదని కొట్లాడింది నేనొక్కన్నే. నువ్వు కూడా నన్ను..." ఫోను పెట్టేశాడు.

రెండు రోజుల తర్వాత, గుమ్మంలో అనసూయమ్మ, కేశవ, మురళి! అత్త కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉన్నాయి.

"నువ్వు ఫోను చేసి అడిగింది మురళి చెప్పినాడు మంజులా. నాకూ వీని మీదికి మళ్లింది అనుమానం. బట్టలు మూట కట్టి బయటికి పొమ్మన్నా. అప్పుడు..." మాట పూర్తి చేయలేక పెద్దకొడుకు వైపు చూసింది.

"నేనే ఇచ్చినా," అన్నాడు కేశవ. "అట్టలు నేనే తీసుకుపోయి ఇచ్చినా. పవర్‌లూమ్ వాళ్లు సూపర్‌వైజర్ పని ఇస్తామన్నారు."

"మీరా...? ఎందుకండీ?"

"నువ్వు చదువుకుని పోతాండావు. ఇంగ్లీషులో మాట్లాడతాండావు. నేను ఈ గుంతలోనే ఉండిపోతే, ఒకరోజు నన్ను వదిలేసి పోతావేమో అని... భయమైంది మంజులా!"

కరిగిపోవలసిన మాటే. కానీ మంజులత కరగలేదు. ఆమె గుండెలో ఇంకేదో భగ్గుమంది.

"తమ్మున్ని బయటికి పొమ్మంటే నోరు తెరిచినారు. నన్ను దొంగ అన్నప్పుడు మీ నోరు యాడ పోయింది? నేను మిమ్మల్నే కదండీ చూసింది... ఆ ఇంట్లో నాకు ఇంకెవురున్నారు!"

కేశవ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ధనలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు జారగిలబడింది.

మంజులత మురళి ముందు నిలబడింది. "నిన్ను అనుమానించినా నాయనా... తప్పైంది." చేతులు జోడించబోతే అతను పట్టుకుని ఆపేశాడు. "వద్దు వదినా!"

అనసూయమ్మ కోడలి దగ్గరకొచ్చింది. "బయటి పిల్లవని ముందు నిన్నే అనుమానించినా. నా కడుపున పుట్టినోడే చేస్తాడని నాకు తోచనే లేదు తల్లీ! చదువు మాత్రం ఆపొద్దు. అచ్చు అతికేది నేను చేసి చూపిస్తా. ఎవురేమన్నా అననీ... నా మొగం కూడా తియ్యి."

"ముందు మాదిరి ఉండలేను అత్తా. ఇంటికి వస్తా. చదువు పూర్తి చేస్తా. మిగతాది... నాకే తెలీదు."

మరునాడు పెనుకొండ స్టేషన్‌లో రైలెక్కారు. మంజులత అత్త పక్కన కిటికీ దగ్గర కూర్చుంది. కేశవ ఎదురుగా, ఆమె ల్యాప్‌టాప్ సంచి ఒళ్లో పెట్టుకుని. ధర్మవరం దగ్గర పడుతుండగా మెల్లగా అడిగాడు, "నాతో మాట్లాడవా?"

ఆమె బయటికే చూస్తూ అంది, "మాట్లాడతా. తొందరపెట్టొద్దు."

అతను తల ఊపాడు. రైలు ఆగింది. ముందుగా దిగి, ఆమె దిగేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు.