అఖూయ్ అసలు పేరు

"పేరంతా కలిపి పిలుస్తారేమోనే వీణా, అంతమంది కూర్చుని ఉండగా."

మణి ఆ మాట అనడం ఆ పొద్దున నాలుగోసారి. వీణ డ్యూటీకి వెళ్లే హడావుడిలో నిలబడే ఇడ్లీ తింటోంది. ఏసీ రొద, కింద వీధిలో చెత్త బండి రొద, వాటి మధ్య తల్లి గొణుగుడు. జెద్దాలో ఆ రెండు గదుల ఫ్లాటుకి ఇవేవీ కొత్త కాదు.

పిలిస్తే పలకమ్మా, అంది వీణ. మోకాలు చూపించుకోను క్లినిక్కుకి వెళ్తే పేరు పిలవకుండా డాక్టరు ఎట్టా చూస్తాడని, పైఅంతస్తు హాజిరా ఆంటీ తోడు వస్తోందిగా అని సర్దిచెప్పబోయింది.

"ఆవిడ వస్తుందనేగా నా భయం."

వీణ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. అల్లుడు జాబేజ్ తెల్లారకముందే ఓడరేవులో ఆఫీసుకి వెళ్లాడు.

మణి భర్త పేరు ఇశ్రాయేలు. బాపట్ల చుట్టుపక్కల చర్చి ఉన్న ఏ ఊళ్లో చూసినా ఆ పేరున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు కనబడతారు. ఆయన పుట్టినప్పుడు తాత యాకోబు అని పెట్టమన్నాడట. బాప్తిస్మం ఇచ్చిన పాస్టరుగారు, ఆ యాకోబుకే దేవుడు ఇశ్రాయేలని కొత్త పేరు పెట్టాడు, రెండూ ఒక్క మనిషివే, అని చెప్పి రిజిస్టరులో ఇశ్రాయేలని రాశారు. ఇంట్లో మాత్రం కడదాకా యాకోబే. లారీలు బాగుచేసుకుని బతికినవాడు, కిందటేడు గుండె ఆగి పోయాడు. శవం మీద పడి ఏడ్చినప్పుడు కూడా మణి ఆయన పేరు పలకలేదు. మొగుడి పేరు నోటితో చెప్పడం ఆమె ఎరగదు. "మా వీణ వాళ్ల నాన్న" అంటూనే ముప్ఫై నాలుగేళ్లు గడిపేసింది.

పాస్‌పోర్టులు చేయించిన ఏజెంటు ఇంటిపేరు రాయాల్సిన గడిలో తల్లికీ కూతురికీ కూడా ఆయన పేరే వేశాడు. అప్పుడు ఎవరికీ అదేమీ తప్పుగా తోచలేదు. గాజాలో యుద్ధం మొదలయ్యాక, వీణ పనిచేసే ఆసుపత్రిలో ఒక రోగి తాలూకు మనిషి ఆమె బ్యాడ్జీ చదివి మొహం తిప్పుకున్నాడు. జరిగింది అంతే. మర్నాడు హెడ్ నర్సు, మంచిమాటగానే, ఒట్టి 'వీణ' అని రాసిన కొత్త బ్యాడ్జీ ఇచ్చింది. ఆ సంగతి చెవిన పడ్డప్పటి నుంచి మణి గుండెల్లో ఒక రాయి ఉంది. ఎనిమిది నెలల కిందట కూతురి దగ్గరికి వచ్చినప్పుడు ఆ రాయి కూడా ఆమెతోపాటు విమానం దిగింది.

అట్టాంటిది, ఈ ఊళ్లో మణికి దొరికిన ఒక్క స్నేహమూ పాలస్తీనా మనిషితోనే.

హాజిరా గాజాలో పుట్టి, పెళ్లయి జెద్దా వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. ఆమెకు తెలుగు రాదు, మణికి అరబ్బీ రాదు. ఇద్దరికీ కలిపి పది హిందీ ముక్కలు. అయినా రోజూ మధ్యాహ్నం హాజిరా వంటింట్లో కూర్చుని ద్రాక్షాకుల్లో బియ్యం చుట్టేవారు. పొగాకు గోడౌన్లో పదేళ్లు ఆకు సర్దిన చేతులు కావడాన మణి చుట్టిన చుట్ట ఒక్కటి కూడా విడిపోయేది కాదు. హాజిరా అది ఎత్తి చూపించి నవ్వేది. ఆవిడ మణిని 'ఉమ్మ్ వీణ' అనేది, వీణ అమ్మ అని. పోయిన మనిషిని 'అబూ వీణ' అనేది. అక్కడ పెద్దవాళ్లను అలాగే పిలుస్తారు. మణి ఆవిడను తెలుగులోనే వదినా అనేది. భర్త పేరు చెప్పాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. అది దేవుడి దయే అనుకుంది మణి.

హాజిరా ఎక్కువగా చెప్పేది గాజాలో ఉండిపోయిన తమ్ముడు అఖూయ్ గురించి. ఫోన్లో ఫొటో చూపించేది. బట్టతల, నవ్వు మొహం, పక్కన నీళ్ల డబ్బాలు వేసిన గాడిద బండి. అఖూయ్ అంటూ కళ్లు తుడుచుకునేది. యుద్ధం ఆగిందంటారు, మళ్లీ మొదలైందంటారు, ఆ మనిషి ఫోను మాత్రం వారానికోసారి కూడా కలవదు. మణి సాయంత్రం ప్రార్థనలో కూతురి పేరు, అల్లుడి పేరు అయ్యాక ఆ పేరు కూడా చేర్చింది. ప్రభువా, అఖూయ్‌ని కాపాడు తండ్రీ.

ఒక శుక్రవారం తెలుగువాళ్ల ఇంట్లో ప్రార్థనకు వెళ్తే, ఒకాయన గొంతు తగ్గించి ఇశ్రాయేలు గెలవాలని ప్రార్థన చేశాడు. అందరూ ఆమేన్ అన్నారు. మణికి నోరు పెగల్లేదు. ఇంకోరోజు టీవీలో ఇజ్రాయెల్ తల్లి ఒకామె, ఎత్తుకుపోయిన కొడుకు ఫొటో గుండెకు హత్తుకుని నడిరోడ్డు మీద కూర్చుని ఉంది. పక్కన హాజిరా ఉందని గుర్తొచ్చి మణి గబుక్కున రిమోట్ అందుకుంది. హాజిరా ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. కాసేపు చూసి, "ఉమ్మ్" అంది. అమ్మ, అని.

ఇంత జరిగినా మణి భయం తగ్గలేదు. భయపడటం ఆమెకు ఊపిరి పీల్చుకోవడం లాంటిది.

క్లినిక్కులో కౌంటరు దగ్గరి అమ్మాయి "ఇస్మ్?" అని అడిగింది. పేరు అడుగుతోందని హాజిరా సైగ చేసింది. మణి మాట్లాడకుండా పాస్‌పోర్టు అందించి, వెళ్లి కుర్చీలో కూర్చుంది. హాజిరా పొద్దుటినుంచీ ఫోను కింద పెట్టలేదు. అఖూయ్ మాట్లాడి అప్పటికి పదకొండు రోజులు. పావుగంట గడిచింది.

"మణీ ఇస్రాయీల్."

గది నిండా ఉన్నవాళ్లలో కొన్ని తలలు ఇటు తిరిగాయి. మణి భయంభయంగా పక్కకు చూసింది. హాజిరా అప్పటికే లేచి నిలబడి ఉంది. మొహంలో రక్తం లేదు. మణి వైపు చూసింది కానీ ఆ చూపు ఆమెను దాటి ఎటో పోయింది. తర్వాత నల్లటి అబాయా అంచు తలుపు సందులో ఒక్క క్షణం చిక్కుకుని, విడిపించుకుని, బయటికి వెళ్లిపోయింది.

డాక్టరు మోకాలు వంచి చూశాడు, మందులు రాశాడు, ఎవరూ ఒక్క మాట అనలేదు. మణికి అవేవీ తలకెక్కలేదు. జాబేజ్ వచ్చి ఇంటికి తీసుకెళ్లేదాకా గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఆ సాయంత్రం నుంచే పైఅంతస్తుకి మనుషులు రావడం మొదలైంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు. కాపలా చూసే లాల్ అహ్మద్ ప్లాస్టిక్ కుర్చీలు మోసుకుపోతున్నాడు. మణి తలుపు కంతలోంచి చూసింది. ఆడవాళ్లు, మగవాళ్లు, ఒక్కరి మొహాన నవ్వు లేదు. చక్కెర లేని కాఫీ మరుగుతున్న చేదు వాసన మెట్ల మీదుగా దిగి వచ్చింది. ఇంకేముంది, తమ గురించే మీటింగు. ఇంటి యజమానితో చెప్పి ఖాళీ చేయిస్తారు. లేకపోతే ఆసుపత్రికి కాగితం పెడతారు. హాజిరా కొడుకు అబ్దుల్ వహాబ్ అదే ఆసుపత్రిలో ల్యాబులో పనిచేస్తాడు కదా. పిల్ల ఉద్యోగం పోతుంది.

వీణ పైకి వెళ్లి కనుక్కుంటానంటే మణి ఆమె చేతిని తన తల మీద పెట్టుకుని ఒట్టు వేయించింది. మూడు రోజులు ఇంట్లో గట్టిగా నీళ్ల పంపు కూడా తిప్పనివ్వలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం వీణ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే మణి ఎదురుగా వచ్చి నిలబడింది.

"పాస్‌పోర్టుల్లో ఆ పేరు తీయించేద్దాం వీణా. నీదీ, నాదీ. కాన్సులేటులో అడుగు."

"ఏ పేరు?"

"అదే."

"అదే అంటే ఏదమ్మా? నోటితో చెప్పు. ఎవరి పేరు తీయించమంటున్నావు?"

మణి పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. బతికున్నవాళ్లం బతకొద్దా అని మాత్రం గొణిగింది. వీణ సంచిని నేల మీద వదిలేసి, దాని పక్కనే తనూ కూలబడింది. కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆ పిల్లలో లేదు.

"బ్యాడ్జీ మీద తీసేసిన రోజు బాత్రూములో కూర్చుని ఏడ్చాను. ఆ రోజే నాన్న ఫోన్ చేశాడు. నా పేరు వల్ల అక్కడ నీకేమన్నా ఇబ్బందా తల్లీ అని అడిగాడు. లేదు నాన్నా, ఎవరూ పట్టించుకోరని అబద్ధం చెప్పాను. ఆయన నమ్మలేదు. నమ్మలేదని నాకు తెలుసు. ఇప్పుడు ఆయన లేడు. నాకు మిగిలింది ఆ పేరొక్కటే. దాన్ని కూడా కాన్సులేటులో ఇచ్చి రమ్మంటావా?"

"నీ మంచికే గదే..."

"నువ్వు రాకముందు నాకు డెంగీ వస్తే పన్నెండు రోజులు హాజిరా ఆంటీ ఒళ్లు తుడిచింది. ఆవిడ ఒక పేరు విని తలుపేసుకునే మనిషా? వెళ్లి అడిగావా?"

"ఎట్టా అడగను? ఏ భాషలో అడగను?"

తాళం తిరిగిన చప్పుడైంది. జాబేజ్ లోపలికి వచ్చి, తల్లీకూతుళ్ల మొహాలు చూసి, బూట్లు విప్పకుండానే ఆగిపోయాడు. వాళ్లకు తెలిసిపోయిందనుకున్నాడు.

"ఎవరు చెప్పారు మీకు? నాకు ఇప్పుడే కింద లాల్ అహ్మద్ చెప్పాడు. పరామర్శ రోజులు మూడూ అయ్యాయట, కుర్చీలు దించుతున్నాడు. హాజిరా ఆంటీ తమ్ముడు పోయాడు. మీరు క్లినిక్కులో ఉన్నప్పుడే మెసేజ్ వచ్చిందట."

మణి ఏ తమ్ముడని అడిగింది. ఆవిడకు ఉన్నది అఖూయ్ ఒక్కడేగా అంది.

"అఖూయ్ అంటే పేరు కాదత్తయ్యా. 'నా తమ్ముడు' అని."

ఎనిమిది నెలలు తను దేవుడికి చెప్పుకున్నది ఒక పేరే కాదన్నమాట. నా తమ్ముణ్ణి కాపాడు తండ్రీ, అని అడిగింది తను. వినలేదు ఆయన.

"ఇంకో మాట," అన్నాడు జాబేజ్, చెప్పాలా వద్దా అన్నట్టు. మూడు రోజులూ హాజిరా లాల్ అహ్మద్‌ని అడుగుతూనే ఉందట. ఉమ్మ్ వీణను క్లినిక్కులో ఒంటరిగా వదిలేసి వచ్చాను, ఇంటికి చేరిందా, మోకాలికి మందులు తెచ్చుకుందా, అని.

మణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంత చావు ఇంటి నెత్తిన ఉంటే తను కింద తలుపు గడియ వేసుకుని, తన పాస్‌పోర్టు గురించి ఏడ్చింది. అన్నం పట్టుకెళ్లలేదు. పక్కన కూర్చోలేదు. తమ ఊళ్లో పగవాళ్ల ఇంట్లో శవం లేచినా వెళ్లి గుమ్మంలో నిలబడతారు. ఎప్పుడూ ఎవరేం చేస్తారో అన్న భయమే కానీ, ఎవరికేమైందో అన్న ఆలోచన తనకు రాలేదు.

వీణ తోడు వస్తానంది. వద్దని, మణి ఒక్కతే మెట్లెక్కింది. లిఫ్టు కోసం ఆగలేదు.

హాజిరా తలుపు వేసి ఉంది. తట్టింది. లోపలి నుంచి చప్పుడు లేదు. ఇంకోసారి తట్టే ధైర్యం చాలలేదు, వెనక్కి పోవడానికి కాళ్లు రాలేదు. మోకాలు సలుపుతుంటే పైమెట్టు మీద కూర్చుని, మూసిన తలుపుతోనే తెలుగులో మాట్లాడింది.

"వదినా, నేను. తెలీక రాలేదమ్మా. నా పేరు విని నీకు కోపం వచ్చిందనుకున్నాను. నా పాపిష్టి భయం." కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ అంది. "మా ఆయన పేరు ఇశ్రాయేలు. దాచాను నీ దగ్గర. లారీలు బాగుచేసుకునేవాడు. ఎవరి జోలికీ పోయిన మనిషి కాదు. ఇశ్రాయేలు వదినా, ఆయన పేరు."

పుట్టి బుద్ధెరిగాక ఆ పేరు ఆమె నోటివెంట రావడం అదే మొదలు. పరాయి దేశంలో మెట్ల మీద, మూసిన తలుపు ముందు. పలికాక ఆశ్చర్యమేసింది, అంత తేలిగ్గా వచ్చినందుకు. ఆయన మెట్లెక్కి వచ్చి పక్కన నిలబడినట్టయింది.

గడియ తీసిన చప్పుడు. హాజిరా బయటికి వచ్చింది. నాలుగు రోజుల్లో పదేళ్లు పైబడినట్టుంది. మణిని లెమ్మనలేదు. తనే దిగి వచ్చి, అదే మెట్టు మీద, భుజం తగిలేంత దగ్గరగా కూర్చుంది. మణి ఆవిడ చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ద్రాక్షాకుల పసరు మరక ఇంకా గోళ్ల సందున ఉంది.

తెలిసిన అరబ్బీ అంతా వెతుక్కుంటే రెండు ముక్కలు దొరికాయి.

"అఖూయ్," అంది మణి మెల్లగా. "ఇస్మ్?"

హాజిరా ఎదుటి గోడ వైపు చూస్తూ ఉండిపోయింది. లిఫ్టు ఒకసారి పైకి వెళ్లి కిందికి వచ్చింది. కింద లాల్ అహ్మద్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్న చప్పుడు వినిపించి, కాసేపటికి అది కూడా ఆగిపోయింది. ఆవిడకు ఇక చెప్పాలని లేదేమో అనుకుంది మణి. బతికున్నన్నాళ్లూ పేరు పెట్టి పిలవని మనిషి పేరు, పోయాక నోట రావడం ఎంత కష్టమో తనకు తెలుసు. తొందరపెట్టకుండా ఆ చెయ్యి నిమురుతూ కూర్చుంది.

చాలాసేపటికి హాజిరా పెదవులు విడివడ్డాయి.

"యాకూబ్," అంది.