కనపడకుండా పోయిన ఐదో తాబేలు

ఐలీన్ షిర్మర్ మెట్లెక్కి వచ్చేసరికి మెర్విన్ పెంగెల్లీ బూట్లు విప్పి, కాళ్లు కుర్చీ మీద చాపుకుని ఉన్నాడు. మర్రీ నది ఒడ్డున ఆ చిన్న ఊళ్లో ముప్ఫై ఏళ్లుగా డిటెక్టివ్ పని చేస్తున్నాడు. మనుషులు ఒకరి మీద ఒకరు చెప్పుకునే చాడీలు విని విని అతనికి విసుగు కూడా అరిగిపోయింది.

"నా తాబేలు పిల్లలకి ఎవరో విషం పెడుతున్నారు," అందామె. "ఎవరో ఏంటి, మా చెల్లెలే!"

టైపు చేస్తున్న సహాయకురాలు డెస్పినా చేతులు ఆగిపోయాయి. బాస్‌కి అసాధ్యమైన కేసు లేదని ఆ పిల్లకి గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని మోయడం పెంగెల్లీకి అన్నిటికన్నా పెద్ద బరువు.

"మొదట్నించీ చెప్పండమ్మా," అన్నాడు.

జనవరిలో ఐలీన్ ఐదు పిల్లల్ని కొన్నది. ఒక్కోటీ బిస్కెట్టంత. మే నెలలో చెల్లెలు ఓల్విన్ మొగుడు పోయి ఆమె పంచన చేరింది. అప్పట్నించీ పిల్లలు నీరసించాయి. ఆగస్టులో ఒకటి మాయమైంది. పోయిన వారం ఒకటి చచ్చింది. మిగిలిన మూడూ మంచాన పడ్డట్టున్నాయి.

"శుక్రవారానికి వృద్ధాశ్రమంలో దానికి గది మాట్లాడేశాను. ఊరికే గెంటేశానంటే లోకం నా మొహాన ఉమ్మేస్తుంది. మీరు రుజువు చూపిస్తే దాన్ని పంపించి నిశ్చింతగా నిద్రపోతాను."

ఆ రోజు బుధవారం. పెంగెల్లీ నిట్టూర్చి బూట్లు తొడుక్కున్నాడు.

తాబేళ్ల తొట్టి వంటింటి పక్క గదిలో ఉంది. పైన ఖరీదైన అల్ట్రావయొలెట్ దీపం వెలుగుతోంది. దీపానికీ తొట్టికీ మధ్య మందపాటి గాజుపలక మూత.

"ఇదెప్పుడు పెట్టారు?"

"ఏప్రిల్లో, మనకి చలి మొదలవగానే. చలిగాలి తగలకూడదని. బిడ్డలు కదండీ."

పెంగెల్లీ ఒక పిల్లని అరచేతిలోకి తీసుకున్నాడు. కళ్లు వాచి మూసుకుపోయాయి. డిప్ప మీద బొటనవేలు ఆనిస్తే తడిసిన అట్టలా లొంగింది. రెండోది ఒక పక్కకి ఒరిగి తేలుతోంది, మునగబోయి మునగలేక అవస్థ పడుతోంది. దాని ముక్కు దగ్గర బుడగలు. మూడోది తిండి ముక్క ఎదురుగా ఉన్నా ముట్టడం లేదు.

"ఏం పెడతారు వీటికి?"

"కసాయి దగ్గర మేలైన గొడ్డుమాంసం ఖైమా, కొవ్వు తీసేసి. నేను తినేదానికన్నా ఖరీదు!"

"నీళ్లు?"

ఆమెకి కోపం వచ్చింది. "మా ట్యాంకు వాననీళ్లే. కుళాయి నీళ్లు బిడ్డలకి పోస్తానా?"

ఆ ఊళ్లో అది అనుమానించాల్సిన మాట కాదు. కుళాయి నీళ్లతో టీ పెట్టిన ఇంటికి రెండోసారి ఎవరూ పోరు. పెంగెల్లీ ఇంట్లోనూ ట్యాంకుంది.

వరండాలో చిలక పంజరం. చిలక ముక్కు అరగదీసుకోవడానికి కట్టే తెల్లటి సున్నపు ఎముక స్థానంలో ఖాళీ తీగ వేలాడుతోంది. వెనక షెడ్డు దగ్గర మూడు బకెట్ల కుళాయి నీళ్లు ఎండలో వరసగా పెట్టి ఉన్నాయి. కంచె అవతల పక్కింటి రాడో గులాబీలకి మందు కొడుతున్నాడు.

"ఆ మందు ఇటు పడుతుందా?" అడిగింది డెస్పినా ఉత్సాహంగా.

"పడితే ఆ మహాతల్లి ఈపాటికి నన్ను కోర్టుకీడ్చేది," అన్నాడు రాడో. "ఓల్విన్ బంగారం. రోజూ పొద్దున్నే షెడ్డు వెనక కూర్చుని ఎవరితోనో కబుర్లాడుతుంది పాపం. ఒంటరిది."

ఓల్విన్ కూరగాయలు తరుగుతోంది. అరవై ఏడేళ్ల మనిషి, మోచేతుల దాకా ఎండకి కమిలి ఉంది.

"మీ అక్క మిమ్మల్ని అనుమానిస్తోంది."

"తెలుసు. సూట్‌కేసు సర్దేసుకున్నాను."

"నిజం చెప్పరాదా?"

"అరవై ఏళ్లుగా చెప్తూనే ఉన్నానండీ," అంది తలెత్తకుండా.

పెంగెల్లీ షెడ్డు వెనక్కి వెళ్లి చూసి వచ్చాడు. పశువుల డాక్టరుకి ఫోన్ చేశాడు. సాయంత్రం టీ వేళకి అందర్నీ వంటింట్లో కూర్చోబెట్టాడు. రాడో మందు వాసనతోనే వచ్చాడు.

"విషం లేదు," అన్నాడు పెంగెల్లీ. "మెత్తబడ్డ డిప్పంటే ఒంట్లో సున్నం లేదని. వాచిన కళ్లంటే తిండిలో సారం లేదని. ఒరిగి తేలుతూ ముక్కున బుడగలు రావడమంటే ఊపిరితిత్తులకి జబ్బు. డాక్టరమ్మతో కూడా మాట్లాడాను. దీపంలో డిప్పని గట్టిపరిచే గుణముంది, కానీ అది గాజు దాటి రాదు. ఏప్రిల్ నించీ వాటికి చేరింది వట్టి వెలుతురే. ఖైమాలో ఎముకుండదు. చిన్న చేపలు, రొయ్యలు, నాచు ఎముకతో పొట్టుతో తినాల్సిన పిల్లలవి. ఇక వాననీరు. మనం చెప్పుకు మురిసే నీళ్లే, కానీ అందులో సున్నం బొత్తిగా ఉండదు."

ఐలీన్ మొహం పాలిపోయింది. "అంటే... ఎవరు చేసినట్టు?"

"మీరేనమ్మా."



"అబద్ధం! మరి మాయమైంది? దాన్నెవరు చంపారు?"

పెంగెల్లీ డెస్పినాకి సైగ చేశాడు. ఆమె షెడ్డు వెనకనించి బట్టలుతికే తొట్టి ఒకటి మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. అందులో తాబేలు పిల్ల, మిగిలినవాటికి రెట్టింపుంది. మెడ చాచి, మిలమిల్లాడే కళ్లతో అందర్నీ చూసింది. పక్కన సగం కొరికేసిన సున్నపు ఎముక.

"దొంగతనం జరిగింది, ఒప్పుకుంటాను. చిలక ఎముక పోయింది. ఎండలో బకెట్లు ఎందుకు? కుళాయి నీళ్లలో సున్నముంది, అందులోని క్లోరిన్ ఘాటు పోవడానికి ఎండలో పెట్టింది. ఓల్విన్ చేతులెందుకు కమిలాయి? పొద్దున్నే దీన్ని ఎండలో కూర్చోబెట్టి కాపలా కాసింది కనక. రాడో విన్న కబుర్లు దీనితోనే. రాత్రిళ్లు తన గదిలో హీటరు పక్కన పెట్టుకుంది."

"అన్నిట్లోకీ ఎక్కువ జబ్బుపడ్డదాన్నే తీసుకెళ్లానే అక్కా," అంది ఓల్విన్ మెల్లగా. "అన్నీ తీసుకుంటే పసిగట్టేస్తావు. గాజు తీసెయ్యమని జూన్‌లో చెప్పాను. 'పిల్లల్ని కన్నావా పెంచావా, నీకేం తెలుసు' అన్నావు. తర్వాత నోరు రాలేదు. మిగతావాటిని వదిలేశాను. ఆ చచ్చిపోయినదాని పాపం నాకూ ఉంది."

ఐలీన్ తొట్టి మీదకి వంగి ఆ పిల్ల డిప్ప మీద వేలు ఆనించింది. ఆ ముసలావిడ మీద పెంగెల్లీకి జాలేసింది. ప్రేమ చాలక చంపినవాళ్లని చాలామందినే పట్టుకున్నాడు గానీ, ప్రేమతో చంపినవాళ్లని పట్టుకోవడం అతనికి ఎప్పుడూ ఇష్టం లేదు.

"మిగిలిన మూడూ బతుకుతాయా?" అడిగింది ఐలీన్.

"ఇప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే రెండు బతకొచ్చు. బుడగలు వచ్చేదాని సంగతి చెప్పలేను. వెచ్చగా పట్టుకెళ్లండి, నీళ్లలో కాదు, తడిగుడ్డ మీద."

ఓల్విన్ అప్పటికే గుడ్డలు తడుపుతోంది. ఐలీన్ లేచి గాజుపలక తీసి గోడకి ఆనించింది. తర్వాత ఫోనందుకుని వృద్ధాశ్రమానికి చేసి, గది వద్దని చెప్పింది. ఎందుకని అవతల అడిగితే ఫోన్ పెట్టేసింది.

"కోలుకునేదాకా ఉంటాను," అంది ఓల్విన్, వెనక్కి తిరక్కుండా.

"సరిగ్గా చూసుకుంటే ఎన్నాళ్లు బతుకుతాయండీ ఇవి?" అని ఐలీన్ పెంగెల్లీని అడిగింది.

"యాభై ఏళ్లు."

"అయితే అన్నేళ్లూ ఇక్కడే ఉండు," అంది చెల్లెలి వైపు తిరిగి.

ఓల్విన్ చేతిలో గుడ్డ ఆగింది. "నీళ్లూ తిండీ నేను చూసుకుంటాను. నువ్వు చెయ్యి పెట్టకూడదు మరి."

"సరే," అంది ఐలీన్.

అక్క నోటివెంట ఆ మాట వినడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఓల్విన్ తడిగుడ్డ పట్టుకునే కుర్చీలో కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.