మీటరు చదివే మనిషి

ఆ ఇంట్లో పొద్దున్న ఎనిమిదిన్నరకు రెండే చప్పుళ్ళు వినిపిస్తాయి. ఒకటి కోడలు టిఫిన్ డబ్బా మూత నొక్కే చప్పుడు. రెండోది మామగారు కారు డ్యాష్‌బోర్డు మీద చేత్తో తట్టే చప్పుడు. అత్తగారు పోయి ఏడాదైంది. మూడో చప్పుడు ఆవిడతోనే పోయింది.

కోడలు కళ్ళజోళ్ళ కొట్టులో పనిచేస్తుంది. ఆమె భర్తది నెలలో ఇరవై రోజులు బయటే ఉండే ఉద్యోగం. మామగారు రిటైరైన సర్వేయరు. ముప్ఫై అయిదేళ్ళు జనం భూములు కొలిచిన మనిషి కావడం వల్లనో ఏమో, మాటల్ని కూడా కొలిచే వాడతారు. "నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయని మీ మామయ్యకు భయం" అని అత్తగారు ఆటపట్టించేవారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ వెటకారానికైనా ఆయన నవ్వేవారు.

కొట్టు రెండు కిలోమీటర్లే, నడిచినా పోవచ్చు. అయినా పొద్దున్న ఆయనే దింపాలి, సాయంత్రం ఆయనే తీసుకురావాలి. అది అత్తగారు పెట్టిన ఏర్పాటు. ఆవిడ పోయినా ఏర్పాటు పోలేదు. కోడలు వెనక సీట్లో కూర్చుంటుంది, ఎందుకంటే ముందు సీటు అత్తగారిది. అందులో కూర్చోవద్దని ఎవరూ అనలేదు, కూర్చోమనీ ఎవరూ అనలేదు.

మీటరు బోర్డు మూడు నెలల కిందట అలగడం మొదలుపెట్టింది. మొదట్లో ఒక్కసారి తడితే వెలిగేది. తర్వాత మూడుసార్లు తట్టాల్సి వచ్చింది, ఆ తర్వాత పదిసార్లు. పోయిన వారం నుంచి ఎంత తట్టినా లాభం లేక నల్లటి పలకలా ఉండిపోయింది. స్పీడు తెలియదు, పెట్రోలు ఎంతుందో తెలియదు, కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పే అంకె కూడా కనిపించదు. స్పీడంటే ఇంజను చప్పుడును బట్టి ఆయన పోల్చుకునేవారు. పెట్రోలు చప్పుడు చేయదు కదా! ఒక పొద్దున్న నాలుగు రోడ్ల మధ్యలో కారు ఉన్నట్టుండి ఆగిపోయింది.

వెనకాల హారన్లు చెవులకు చిల్లులు పొడుస్తున్నాయి. ఆయన దిగలేదు. స్టీరింగు పట్టుకుని ఆ నల్లటి పలకను తడుతూనే ఉన్నారు. అయిపోయిన పెట్రోలు తడితే వస్తుందా? కోడలే దిగి, ఇద్దరు దారినపోయేవాళ్ళను బతిమాలి కారును పక్కకు తోయించింది. బాగుచేయిద్దామా అని ఆమె అడిగితే ఆయన "చూద్దాం" అన్నారు. ఆ ఇంట్లో చూద్దాం అంటే ఇక చూడబోమనే అర్థం.

ఆ సాయంత్రం కూడా ఇంటిముందు ఇంజను ఆపాక ఆయన వెంటనే దిగలేదు. ఆమె తలుపు తాళం తీసి వెనక్కి తిరిగి చూస్తే, ఆ చీకటి బోర్డు వైపే చూస్తూ కూర్చుని ఉన్నారు. పాపం, బోర్డు పాడైందని ఎంత బెంగపెట్టుకున్నారో అనుకుంది. ఈ పెద్దాయన కోసం తను చేయగలిగిన పని ఒక్కటైనా కనిపించిందని ఆమెకు లోలోపల సంతోషం కూడా కలిగింది.

కంపెనీ షోరూములో అడిగితే మొత్తం బోర్డు మార్చాల్సిందేనన్నారు. వాళ్ళు చెప్పిన ధరకు ఆ కారులో సగం వస్తుంది. గోరుతో పోయేదానికి గొడ్డలి ఎందుకని ఆమె బయటికి వచ్చేసింది. ఫోనులో భర్త, ఆ డొక్కును అమ్మేస్తే పీడా పోతుంది కదా అన్నాడు. చివరికి వీధి చివరి మెకానిక్ దారి చూపించాడు. ఇదే మోడలు కారు ఒకటి వెనక భాగం నుజ్జయి తుక్కుకు వచ్చిందట. దాని మీటరు బోర్డు నిక్షేపంగా ఉందట. షోరూము ధరలో పదో వంతుకు తెచ్చి బిగిస్తానన్నాడు.

మామగారు పింఛను కాగితాల పని మీద బస్సెక్కి వెళ్ళిన రోజు చూసి, ఆమె కొట్టుకు సెలవు పెట్టింది. మెకానిక్ ఇంటికే వచ్చి గంటలో పని ముగించాడు. పాత బోర్డు ఏం చేయమంటారని అడిగితే, పట్టుకుపొమ్మంది. తాళం తిప్పగానే బోర్డు దీపంలా వెలిగింది. ఆయన వచ్చేవరకు ఆమె గుమ్మంలోంచి కదల్లేదు.

ఆయన వచ్చారు. ఒకసారి కారులో కూర్చోమంటే కూర్చున్నారు. తాళం తిప్పారు. వెలుగు ఆయన ముఖం మీద పడింది. ఆయన కళ్ళు బోర్డు కింది మూలకు వెళ్ళి అక్కడే ఆగిపోయాయి. అక్కడ కిలోమీటర్ల అంకె ఒక లక్షా నలభై ఒక్క వేల రెండువందల డెబ్బై అని ఉంది.

"ఇది ఎవరి కారు?" అన్నారు.

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. బోర్డు ఎక్కడ దొరికిందో, ఎంత చవకగా వచ్చిందో గబగబా చెప్పింది. ఆయన అదేమీ వినలేదు.

"పాతది ఏది?"

"మెకానిక్‌కు ఇచ్చేశానండీ. ఎటూ పాడైపోయిందే కదా అని..."

"ఈ ఇంట్లో ఒక వస్తువు తీసి పారేసేముందు ఒక్క మాట అడగాలని నీకు తెలియదా?"

ఇంత పొడుగు వాక్యం ఆయన నోటి నుంచి వినడం ఆమెకు ఈ ఏడాదిలో అదే మొదటిసారి. మంచికి పోతే చెడు ఎదురైనట్టయింది. ఏడాదిగా గొంతులో అణుచుకున్నదంతా పైకి తన్నుకొచ్చింది.

"అడగడానికి మీరు మాట్లాడితే కదా మామయ్యగారూ! అన్నం పెడితే తింటారు. మందు ఇస్తే వేసుకుంటారు. నేనూ ఈ ఇంట్లో ఒక మనిషినేనని మీకు గుర్తుందా? నేనెవరితో మాట్లాడాలి? గోడలతోనా?"

ఆయన తాళం తీసి ఆమె చేతిలో పెట్టి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆ రాత్రి కంచం ముట్టలేదు. మర్నాడు పొద్దున్న డ్యాష్‌బోర్డు తట్టే చప్పుడు లేదు. ఆమె టిఫిన్ డబ్బా మూత ఒక్కటే ఆ ఇంట్లో చప్పుడు చేసింది. ఆమె నడుచుకుంటూ కొట్టుకు వెళ్ళింది. రెండు కిలోమీటర్లు ఇంత దూరమా అనిపించింది.

మధ్యాహ్నం ఒక ముసలామె విరిగిన కళ్ళజోడు పట్టుకుని కొట్టుకు వచ్చింది. దాని ఒక కాడకు దారం చుట్టి ఉంది. కొత్తగా చేరిన సేల్స్ అమ్మాయి వరసపెట్టి కొత్త ఫ్రేములు చూపిస్తుంటే ముసలామె బిక్కముఖం వేసింది. ఇలాంటివాళ్ళ సంగతి కోడలికి బాగా తెలుసు. పన్నెండేళ్ళ అనుభవం. ముఖానికి అలవాటైన ఫ్రేము మార్చకూడదు, అద్దాలే మార్చాలి. "పాతదాంట్లోనే వేసిద్దాం బామ్మగారూ" అని ఆ కళ్ళజోడును చేతిలోకి తీసుకుంది. మరుక్షణం ఆమె చెయ్యి అలాగే ఆగిపోయింది. ముక్కూముఖం తెలియని మనుషులకు రోజూ చేసే మర్యాద ఇంట్లో మనిషికి చేయలేకపోయింది తను.

వెంటనే భర్తకు ఫోను చేసి, ఆ కిలోమీటర్ల అంకెలో ఏముందని అడిగింది. అతడు కాసేపు ఆలోచించి చెప్పాడు.

"అమ్మా నాన్నా ఎక్కడికెళ్ళి వచ్చినా, ఇంటిముందు ఇంజను ఆపేముందు అమ్మ ఆ అంకె పైకి చదివేది. నాన్న తిరిగి చెప్పేవాడు. అప్పుడు గాని కారు దిగేవాళ్ళు కాదు. నాన్న ఉద్యోగంలో అలవాటట. భూమి కొలిచే గొలుసు పట్టినవాడు కొలత అరిచి చెప్పాలి, సర్వేయరు తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పకపోతే కొలిచినట్టు కాదు. చిన్నప్పుడు వాళ్ళను చూసి తెగ నవ్వేవాణ్ణి. ఎందుకు, ఏమైంది?"

ఇంటికొచ్చాక చెబుతానని ఆమె ఫోను పెట్టేసింది.

సగం పూట సెలవు అడిగి మెకానిక్ దగ్గరికి పరుగెత్తింది. పాత బోర్డు అతడి దగ్గర లేదు. విడిభాగాలకు పనికొస్తుందని, మీటర్లు బాగుచేసే ఆవిడకు ఇచ్చేశాడట. ఆవిడ ఉండేది ఒక పాత మేడ మీది గది. కోడలు గబగబా మెట్లెక్కింది. గది నిండా తీగలు, విప్పిన బోర్డులు. మధ్యలో నెరిసిన జుట్టు ఆవిడ ఒకరు భూతద్దం పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

"మీ కొట్టులో కొన్న అద్దమే ఇది" అన్నారు ఆవిడ, కోడల్ని గుర్తుపట్టి. సంగతంతా విని, కుప్పలోంచి ఆ బోర్డు బయటికి లాగి దీపం కింద తిప్పి చూశారు. "ఇంకా విప్పలేదు లెండి. ఇదిగో, ఇక్కడ సోల్డరింగు పగిలింది. అందుకే తడితే వెలిగేది. దీనికి బోర్డు మార్చడమెందుకమ్మా? నాలుగు చోట్ల అతుకు వేస్తే చాలు."

"మరి అందులో అంకె?"

"ఆ అంకె ఉండేది ఈ చిన్న చిప్పులో. పైన చీకటైనా లోపల అది లెక్కపెట్టుకుంటూనే ఉంటుంది. ఎక్కడికీ పోలేదు."

ఆవిడ అతుకులు వేస్తుంటే కోడలు స్టూలు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంది. ఆవిడ అడిగిన కూలి కోడలి వారం కాఫీల ఖర్చంత కూడా లేదు. కళ్ళజోళ్ళు తుడిచే మెత్తటి గుడ్డలో బోర్డును చుట్టుకుని ఇంటికి వచ్చింది.

మామగారు హాల్లో కూర్చుని ఉన్నారు. ఆమె ఆ గుడ్డ మూటను ఆయన ఎదురుగా బల్లమీద పెట్టి విప్పింది.

"తప్పు నాదే మామయ్యగారూ. మిమ్మల్ని అడగాల్సింది. ఇది బాగైంది. అంకె ఇందులోనే ఉందట."

ఆయన బోర్డును రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. దాన్ని తడుముతూ మాట్లాడారు. ఎప్పటిలా కొలిచిన మాట కాదు.

"మీ అత్తయ్య ఆఖరిసారి చదివిన అంకె ఎనభై నాలుగు వేల మూడువందల పదహారు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు. నీరసంగా ఉంది, చదవొద్దన్నాను. వినలేదు, చదివింది. ఆ తర్వాత ప్రతిరోజూ నేనే చదువుకుంటున్నాను, నేనే తిరిగి చెప్పుకుంటున్నాను. అంకె పెరిగిన కొద్దీ ఆవిడ వెనక్కి వెళ్ళిపోతోందనిపిస్తుంది. అందుకే ఎవరు పిలిచినా ఎక్కడికీ కారు తీయడం లేదు. నీ కొట్టుకు తప్ప. ఆవిడ చదివిన అంకె దగ్గర్నుంచి నేనొక్కణ్ణే కొలుచుకుంటున్నానమ్మా. ఆ లెక్క కూడా పోయిందనుకున్నా నిన్న."

ఆమె ఆయన కుర్చీ పక్కనే నేలమీద కూర్చుంది. నిన్నటి కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ఆమెకు ఏడుపు వచ్చింది, ఏడుస్తూనే అడిగింది.

"ఒక్కరే ఎలా అవుతారు మామయ్యగారూ? వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు వెనక సీట్లో నేను లేనూ?"

ఆయన ఆమె వైపు తిరిగి చూశారు. ఆ ఏడాదిలో ఆమెను అద్దంలోంచి కాకుండా తిన్నగా చూడటం అదే మొదలు.

"ఉన్నావు" అన్నారు మెల్లగా. "రోజూ ఉన్నావు. నేనే తిరిగి చూడలేదు."

వెలుతురుండగానే ఇద్దరూ మెకానిక్ దగ్గరికి వెళ్ళారు. అతడు గొణుక్కుంటూనే కొత్తది విప్పి పాతది బిగించాడు. నిన్న పెట్టినదాన్ని ఇవాళ పీకించేవాళ్ళను తన సర్వీసులో చూడలేదన్నాడు. తాళం తిప్పగానే, ఎవరూ తట్టకుండానే, బోర్డు వెలిగింది. కోడలు అలవాటుగా వెనక తలుపు మీద చెయ్యి వేసింది. మామగారు లోపలి నుంచి వంగి ముందు తలుపు గడియ తీశారు. ఆమె ఒక క్షణం తటపటాయించి, వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది. 

ఇంటి ముందు కారు ఆగింది. ఆయన తాళం మీద చెయ్యి వేశారు గాని ఇంజను ఆపలేదు. ఆపకుండా అలాగే కూర్చున్నారు. ఆమెకు అర్థమైంది. ముందుకు వంగి, ఆ చిన్న అంకెల్ని చూసి మెల్లగా చదివింది.

"ఎనభై ఆరు వేల ఏడువందల నలభై రెండు."

ఆయన తిరిగి చెప్పలేదు. తప్పు చేశానేమోనని ఆమె తల వంచుకుంది.

"గట్టిగా చదవాలమ్మా" అన్నారు మామగారు.  "గొలుసు అవతలి కొసన ఉన్నవాడికి వినపడాలి కదా."

ఆమె గట్టిగా చదివింది.

"ఎనభై ఆరు వేల ఏడువందల నలభై రెండు" అని ఆయన తిరిగి చెప్పి, ఇంజను ఆపారు.