పిడి మీద చివరి వేడి

సాగరపేటలో టీ గ్లాసును చేత్తో పట్టుకునేవాడు లేడు. కొట్టువాడు పటకారుతో అందిస్తే, తాగేవాడు తన పటకారుతో అందుకుంటాడు. బస్సులో కమ్మీని అరచేత్తో పట్టుకోరు, మోచెయ్యి మెలిపెట్టి వేలాడతారు. ఇదివరకు ఇస్త్రీ బండి ఉండే వీధి మలుపులో ఇప్పుడు చెరుపు కొలిమి ఉంది. తలుపు గొళ్ళేలు, గరిటెలు, కుర్చీ చేతులు మూట కట్టుకొచ్చి, అందులో కాల్పించి, మెల్లగా చల్లార్చుకుని, ఏ జ్ఞాపకమూ లేని సామానును ఇంటికి మోసుకుపోతారు జనం.

ఇంత భయమూ ఒక్క యంత్రం వల్ల. దాని పేరు తాపచరిత. దాన్ని తయారుచేసింది డాక్టర్ సుహాసిని.

పద్ధతి పాతదే. పరీక్షించే పదార్థం ఒక గిన్నెలో, పోల్చి చూడటానికి ఏ మార్పూ చెందని మరో పదార్థం ఇంకో గిన్నెలో. రెంటినీ ఒకే వేగంతో వేడిచేస్తారు. పదార్థం వేడిని మింగిన చోట గీత ఒకవైపు వంగుతుంది, కక్కిన చోట రెండోవైపు లేస్తుంది. పూర్వం దీన్ని డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరిమెట్రీ, పొట్టిగా డిఎస్‌సి అనేవారు. ప్లాస్టిక్ ఎప్పుడు మెత్తబడుతుంది, మందుబిళ్ళ ఎంత వేడికి పాడవుతుంది అని తెలుసుకోవడానికి వాడేవారు. ప్లాస్టిక్ తాను పడ్డ వేడిని మరిచిపోదని అప్పుడే తెలుసు. ఎంతసేపు వేగిందో, ఎలా చల్లారిందో దాని అణువుల అమరికలో ఉండిపోతుంది. దాన్ని ఉష్ణచరిత్ర అన్నారు. సుహాసిని చేసిందల్లా ఆ చూపును లక్షల రెట్లు పదును పెట్టడం. ఇప్పుడు అరచేతి గోరువెచ్చదనం కూడా గీత మీద బొడిపెలా లేస్తుంది. ఒక్కో మనిషి నెత్తురు ఒక్కో లయలో చేతిని కాస్తుంది కాబట్టి అది ఎవరి చెయ్యో కూడా తెలిసిపోతుంది. తొడుగులు వేసుకున్నా లాభం లేదు. గట్టిగా పట్టుకుంటే తొడుగులోంచి కూడా వేడి దిగుతుంది.

ఒక్కటే ఇబ్బంది. మొదటి కాపుతోనే ఆ చరిత్ర చెరిగిపోతుంది. చదవడమంటే చెరపడమే. రెండోసారి కాస్తే అప్పుడే పుట్టిన వస్తువులా నున్నటి గీత వస్తుంది.

యజమానుల నేరాలు పట్టించాలని సుహాసిని దీన్ని కట్టింది. గేటుకు తాళం ఎవడు వేశాడు? విషవాయువు గొట్టం ఎవడు తిప్పాడు? యంత్రం చెబుతుందనుకుంది. ప్రభుత్వం దీని మీద చివరిచేతి చట్టం తెచ్చింది. ప్రమాదం జరిగిన వస్తువును ఆఖరున ఎవరు తాకారో వాళ్ళే జవాబుదారు. అంతే, ఇంకో మాట లేదు.

"యజమాని దేన్ని ముట్టుకుంటాడు మేడమ్?" అన్నాడు గఫూర్ ఒకనాడు. సుహాసినితో మొదటినుంచీ పనిచేసిన శాస్త్రవేత్త అతను. "వాడు నోటితో చెబుతాడు. నోటి వేడి ఏ గొట్టానికీ అంటదు. ముట్టుకునేది కూలోళ్ళు. అందుకే మన యంత్రం ఇన్నేళ్ళలో పట్టిచ్చిందంతా కూలోళ్ళనే. అవార్డు ఇచ్చినప్పుడు ఈ సంగతి చెప్పలేదా మీకు?"

ఆ మాట సుహాసినికి నిద్రలో కూడా వినిపిస్తూనే ఉంది.

ఇవాళ ప్రయోగశాల బల్ల మీద ఒక తలుపు పిడి ఉంది. ఉక్కు పిడి, పైన నల్లటి ప్లాస్టిక్ పూత. వరుణప్రభ బ్యాటరీల కర్మాగారంలో ప్యాకింగు గది తలుపుది. ఆ గదికి ఉన్నది ఆ తలుపొక్కటే. దానికి లోపలి పిడి ఊడిపోయి చాలాకాలమైంది. బాగుచేయమని యాజమాన్యం చెప్పలేదు. చెప్పకుండా బాగుచేస్తే చివరి చెయ్యి తనదవుతుందని ఏ మేస్త్రీ దాని జోలికి పోలేదు. లోపల పనిచేసే ఆడపిల్లలు తలుపు బాదితే, దారినపోయేవాళ్ళెవరో విసుక్కుంటూ బయటినుంచి తీసేవారు. మంటలు లేచిన రోజున కూడా బాదారు.

తలుపు తెరుచుకోలేదు. లోపలున్న వాళ్ళెవరూ మిగల్లేదు. లోపలి వస్తువుల జ్ఞాపకాలను మంటే చెరిపేసింది. ఆ తలుపు మంటకు ఆగే రకం కాబట్టి బయటి పిడి ఒక్కటే బతికింది.

బల్లకు అటువైపు నూకరత్నం నిలబడి ఉంది. చనిపోయినవాళ్ళలో హేమ ఆమె కూతురు. ఇటువైపు కంపెనీ వకీలు వరదరాజులు, మెరిసే తొడుగుల్లో. గోడవారన ఇద్దరు కోర్టు గుమస్తాలు.

"అమ్మా, ముందే చెబుతున్నాను," అంది సుహాసిని. "ఈ పిడి మీద మీ అమ్మాయి చేతి వేడి ఉండి ఉంటుంది. రోజూ పట్టుకునేదేగా. కాచామంటే అది పోతుంది. మళ్ళీ రాదు. వద్దంటే ఇప్పుడే చెప్పండి, ఆపేస్తాను."

నూకరత్నం పిడి వంక చూసింది. "మాయింట్లో దాని సామానంతా కొలిమిలో ఏసేసినాం డాట్రమ్మా. వారంవారం నానే మోసుకెళ్ళినాను. ఇదొక్కటే మిగిలింది మా గుంటది." "అయినా కాల్సు. గొళ్ళెమేసినోడి పేరు నాకు కావాల. ఆడి మొగం సూసి ఒక్క మాటడగాల."

"బయట గొళ్ళెం లేదమ్మా ఆ తలుపుకు," అన్నాడు వరదరాజులు.

"మరి ఎందుకు రాలేదు బయటికి? ఆడుకుంటన్నారా లోపల?"

వకీలు తన తొడుగులు సర్దుకున్నాడు.

గఫూర్ పిడిని పటకారుతో యంత్రం అరలో పెట్టాడు. పక్క అరలో ఎవరూ తాకని కొత్త పిడి. రెండూ కలిసి వేడెక్కసాగాయి. తెర మీద గీత నడిచింది. ఒక బొడిపె, ఇంకోటి, ఇంకోటి. ప్రతి బొడిపె పక్కనా ఒక పేరు. పొద్దున్న గదిలోకి వెళ్ళిన పిల్లలు ఒక్కొక్కరే తలుపు తీసుకుని నడిచిపోతున్నట్టు ఉంది. గదిలో అందరూ చచ్చిపోయినవాళ్ళ హాజరు వింటున్నట్టు నిలబడ్డారు.

చివరి బొడిపె లేచింది. దాని పక్కన పేరు: హేమ.

ఆ తర్వాత బొడిపెల్లేవు.

"అయితే చివరి చెయ్యి..." అన్నాడు వరదరాజులు. గొంతులో సంతోషం దాచుకోవడం అతనికి చాతకాలేదు. "చట్టం ప్రకారం జవాబుదారు మృతురాలే. రాసుకోండి."

నూకరత్నానికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "ఏటంతన్నాడీడు? మా గుంటే సంపేసిందంతన్నాడా అందర్నీ?"

"ఆగండి!" సుహాసిని తెర దగ్గరికి వెళ్ళింది. "గీత ఇంకా అయిపోలేదు. వకీలు గారూ, ఇటు చూడండి. హేమ లోపలికి వెళ్ళాక గీత మెల్లగా ఎక్కుతోంది, చూశారా? అది లోపలి మంట. సెగ తలుపు దాటొచ్చి పిడిని వెచ్చబెట్టింది. ఇక్కడ మంట మొదలైంది. అదిగో, అక్కడ ఆరిపోయింది. ఈ మధ్యలో ఎంత నున్నగా ఉందో చూడండి."

"నున్నగా ఉంటే?"

"ఒక్క చెయ్యి కూడా పడలేదు. బయట సందు నిండా జనం. లోపల పిల్లలు తలుపు బాదుతున్నారు. ఊరికే పిడి తిప్పితే తెరుచుకునే తలుపది. ఎవరూ ముట్టుకోలేదు."

గఫూర్ తల దించుకున్నాడు. "పొగొస్తున్న తలుపు మేడమ్. తిప్పినవాడే చివరి చెయ్యి అవుతాడు. తెలియకనా?"

"ముట్టుకోవడం నేరమని చట్టంలో ఉంది," అన్నాడు వరదరాజులు. "ముట్టుకోకపోవడం నేరమని ఎక్కడా లేదు డాక్టరు గారూ. మీ యంత్రం పుణ్యమే కదా."

యంత్రం గంట కొట్టింది. చదవడం అయిపోయింది, చెరపడం అయిపోయింది. గఫూర్ యంత్రం తలుపు తీసి, సెగలు కక్కుతున్న పిడిని పటకారుతో ఇనప పళ్ళెంలో పెట్టాడు.

నూకరత్నం కుడిచేతి తొడుగు లాగి కింద పడేసింది. ఎవరూ కనిపెట్టేలోపే ఆ పిడిని గుప్పిట పట్టుకుంది.

"రాయండ్రా! సివరి సెయ్యి నాది. మా గుంట పేరు కొట్టేసి నా పేరు రాయండి. నూకరత్నం. రాయండి!"

"అమ్మా, వదిలెయ్యండి! కాలిపోతోంది!" సుహాసిని అరిచింది.

"వదులమ్మా, వదులు!" గుమస్తాలు అరిచారు.

"నీళ్ళు, ఎవరైనా నీళ్ళు తెండి!" వకీలు అరిచాడు.

మెత్తబడిన ప్లాస్టిక్ అరచేతికి అంటుకుపోయింది. ఇప్పుడు ఆమె వదలాలన్నా అది వదలడం లేదు. చర్మం కమిలిన వాసన గది నిండా కమ్ముకుంది. ఆమె అరవడం లేదు. ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తూ, పిడి పట్టుకున్న చేతిని ముందుకు చాచింది. పట్టి లాగితే ఊడొస్తుంది. ఒక్కరు పట్టి లాగితే చాలు.

వకీలు ఒక అడుగు వెనక్కి వేశాడు. గుమస్తాలు గోడకు ఆనుకున్నారు. గఫూర్ చేతిలో పటకారు ఉంది, అది కదలడం లేదు. అందరూ వదలమనే అరుస్తున్నారు.

ఆరోజు ఆ సందులో కూడా జనం ఇలాగే అరిచి ఉంటారు. నున్నటి గీత బయటినుంచి ఎలా ఉంటుందో సుహాసినికి ఇప్పుడు కనిపించింది.

పరుగెత్తి ఆ చెయ్యి పట్టుకోవాలనుకుంది. అప్పుడు తెలిసింది ఆమెకు, తన రెండు చేతులూ ఎప్పుడో వెనక్కి వెళ్ళి, వీపు వెనక ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయని.