మూయకూడని బావి

ప్రొఫెసర్ యేసుదానం పెట్రోలియం ఇంజనీరింగ్ సిలబస్‌కి చివరి యూనిట్ రాసి ముగించిన సాయంత్రమే, ములకలపల్లి అడవి రోడ్డు మీద ఒకే ఒక్క తూటాకి నేలకూలాడు. జేబులో పర్సు పోలేదు, చేతికి గడియారం పోలేదు. ఇది దొంగల పని కాదని పసిపిల్లాడైనా చెప్తాడు.

"వాళ్ల కాలేజీకి ఒక విదేశీ కంపెనీ డ్రిల్లింగ్ సిమ్యులేటర్‌ని ఉచితంగా ఇచ్చింది. ఆయన దాన్ని అనుమానించాడు," అంటూ గూఢచార సంస్థ చీఫ్ హెప్సిబా ఫైలు మూసింది. "క్రిస్టోఫర్, ఆయన స్థానంలో నువ్వు చేరుతున్నావు. పేరు జయప్రకాశ్. సబ్జెక్ట్ వెల్ కంట్రోల్, అంటే చమురు బావుల అదుపు."

"మేడమ్, పెట్రోల్ గురించి నాకు తెలిసింది బంకులో పోయించుకోవడం ఒక్కటే."

"మన ఏజెంట్ ఏంజెల్ అక్కడే ఉంది, ఎగ్జామినర్ వేషంలో. సాయం చేస్తుంది. ప్రమాదం ముంచుకొస్తే కోడ్: ఇప్పపూలు రాలాయి."

ఎన్ని దేశాల్లోనో తూటాలకు ఎదురెళ్లిన క్రిస్టోఫర్‌కి మొదటి క్లాసులో సుద్దముక్క రెండుసార్లు చేజారింది. తుపాకీ అయితే ఎదురుగా ఒక్కటే ఉంటుంది. క్లాసులో ఎన్ని కళ్లు! నోటికి ఒక్క ఫార్ములా రాలేదు. ముందురోజు చూసిన ఓ వీడియో ఆదుకుంది. బావి తవ్వే రిగ్గు మీద ఇంజన్ల రొదలో మాట వినపడదు, అందుకని అక్కడి మనుషులు చేతులతోనే మాట్లాడుకుంటారు. గంటంతా ఆ సైగలే నేర్పాడు.

"రెండు చేతుల వేళ్లు పెనవేసి కడుపు దగ్గర పట్టుకుంటే ఏంది?"

"అన్నీ ఎక్కడియక్కడ ఆపు, దేన్నీ ముట్టకు అని సార్," ముందు బెంచీలోంచి శ్రావణి చెప్పింది. "చూసినోళ్లు అదే సైగ తిరిగి చెయ్యాలె. గని సార్, ఇది పెట్రోలియం క్లాసా, డ్యాన్స్ క్లాసా?"

క్లాసంతా గొల్లుమంది. సిగ్గు దాచుకోవడానికి క్రిస్టోఫర్ కూడా నవ్వాడు.

ఆ తర్వాత చదవడం, చదివింది మర్నాడు అప్పజెప్పడం. విడ్డూరం ఏమిటంటే, పాఠం చెప్పడం అతనికి రుచించింది. వెల్ కంట్రోల్ మొదటి సూత్రాన్ని పిల్లల చేత రోజూ వల్లె వేయించాడు: అనుమానం వస్తే బావి మూసెయ్. లోపల్నుంచి గ్యాస్ ఎదురుతన్నితే ఆలోచించొద్దు, బటన్ నొక్కు. శ్రావణికి అది నిద్రలో లేపి అడిగినా వచ్చు. ప్రాక్టికల్లో ఫస్టొస్తే రిగ్గులో ఉద్యోగం ఖాయం. ఆ సంగతి తండాలో ఆమె చెప్పని మనిషి లేడు.

ప్రాక్టికల్ రోజు రానే వచ్చింది. శ్రావణి సిమ్యులేటర్ క్యాబిన్‌లోకి వెళ్లింది. సౌండ్‌ప్రూఫ్ అద్దాల గది, ఉక్కు తలుపు, గడియ లోపలి వైపు. నెమలికంఠం రంగు చీరలో మెరిసిపోతున్న ఏంజెల్ చిరునవ్వుతో తలుపేసుకుంది. అద్దం బయట నిలబడ్డ క్రిస్టోఫర్ చేతికున్న, సిగ్నళ్లు పసిగట్టే గడియారం సన్నగా వణికింది. ఆ గదిలోంచి శాటిలైట్ సిగ్నల్ బయటికి పోతోంది! పరీక్ష యంత్రానికి శాటిలైట్‌తో పనేమిటి?

ఇయర్‌పీస్‌లో హెప్సిబా గొంతు పలికింది. "ఇప్పపూలు రాలాయి! కాకినాడలో ఆ కంపెనీ టెక్నీషియన్ దొరికాడు, అంతా కక్కేశాడు. ఆ సిమ్యులేటర్‌ని సముద్రంలోని నిజమైన గ్యాస్ బావికి కలిపారు. అక్కడ 'మూయి' నొక్కితే సముద్రంలో వాల్వు తెరుచుకుని గ్యాస్ పేలుతుంది. ప్లాట్‌ఫామ్ మీద ఎనభై మంది! బటన్ శ్రావణి వేలిముద్రకే పనిచేస్తుంది, నేరం ఆ పిల్ల నెత్తిన పడాలని. లింకు ఇంకో నిమిషమే ఉంటుంది."

"లోపల ఏంజెల్ ఉంది మేడమ్."

"యేసుదానాన్ని చంపింది ఏంజెలే."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక హెప్సిబా ఎంత!

లోపల ఎర్ర దీపం వెలిగింది. గ్యాస్ తన్నుకొస్తున్నట్టు లెక్క. శ్రావణి వేలు బటన్ వైపు కదిలింది. కాల్చాలంటే అద్దం వెనకే ఉన్నది ఆ పిల్ల. అరిస్తే వినపడదు. క్రిస్టోఫర్ పిడికిళ్లతో అద్దాన్ని దడదడలాడించాడు. అద్దం అదిరేసరికి శ్రావణి తలెత్తింది.

అతను వేళ్లు పెనవేసి కడుపు దగ్గర పట్టుకున్నాడు.

శ్రావణి కళ్లు పెద్దవయ్యాయి. రోజూ మూసెయ్యమన్న సారే ఇవాళ ఆపమంటున్నాడు! ఆపితే ఫెయిల్. ఉద్యోగం గంగలో కలిసినట్టే.

బయటి స్పీకర్లో ఏంజెల్ నవ్వు వినిపించింది. "బతిమాలుతున్నారా సార్? లాభం లేదు. శ్రావణీ, నొక్కు! టైమ్ అయిపోతోంది!"

క్రిస్టోఫర్ చేతులు విప్పలేదు. యేసయ్యా, ఈ పిల్ల నన్ను నమ్మితే చాలు, అనుకున్నాడు.

శ్రావణి వేలు గాల్లో ఆగింది. మెల్లగా వెనక్కి వచ్చింది. ఆమె రెండు చేతులూ కడుపు దగ్గర పెనవేసుకున్నాయి. సైగ అందింది.

ఏంజెల్ మొహంలో నవ్వు చచ్చిపోయింది. ఆ పిల్ల మణికట్టు పట్టుకుని బటన్ మీదికి లాగింది. ఇప్పపూల గంపలు మోసిన చెయ్యి అది, లాగితే ఊరికే వస్తుందా! శ్రావణి పిడికిలి బిగించి ఆమెను గోడకేసి నెట్టి, ఒక్క ఉరుకులో గడియ తీసేసింది. ఏంజెల్ హ్యాండ్‌బ్యాగులోంచి తీసిన పిస్తోలు క్రిస్టోఫర్ దెబ్బకి ఎగిరి మూలన పడింది. తెర మీద సెకన్లు లెక్కపెడుతున్న అంకె ఒకటి నుంచి సున్నాకి మారింది. లింకు తెగిపోయింది.

"బావి?" ఆయాసపడుతూ అడిగాడు.

"చెక్కుచెదరలేదు. అందరూ క్షేమం," హెప్సిబా చెప్పింది. "శభాష్. వేషం తీసేసి వచ్చెయ్. కొత్త మిషన్ ఉంది."

ఏంజెల్ చేతులకు బేడీలు పడ్డాక క్రిస్టోఫర్ శ్రావణికి జరిగిందంతా చెప్పాడు. ఆమె మాత్రం తెర వంకే చూస్తోంది. అక్కడ ఆమె పేరు పక్కన, బావి మూయనందుకు, సున్నా మార్కులు.

"ఎనభై మంది బతికిండ్రు, మంచిదే సార్. మరి నా సంగతేంది?"

"సప్లిమెంటరీ పెట్టిస్తా. అది అయ్యేదాక నేను యాడికి పోను." ఇయర్‌పీస్ తీసి జేబులో పడేశాడు.

శ్రావణి కళ్లు తుడుచుకుంది. "అవ్ సార్, పేపర్ మీరే సెట్ చెయ్యాలె. ఈసారి డ్యాన్స్ కాదు, జర లెక్కలు గూడ ఇయ్యిండ్రి."

పిస్తోలుకి బెదరని క్రిస్టోఫర్ ఆ మాటకి బెదిరాడు. లెక్కలు అతనికి ఇంకా రావు మరి.