ఇంకా వేడి పొయ్యమ్మా

ఇడ్లీ పళ్ళెం పక్కన పెట్టుకుని డయానా లాప్‌టాప్ తెరిచింది. రాబర్ట్‌సన్‌పేట సందులో రెండు గదుల ఇల్లు, అందులోనే ఆమె మెడికల్ కోడింగ్ ఉద్యోగం. ఎక్కడెక్కడి రోగుల రికార్డులు చదివి ఒక్కో జబ్బుకు ఒక్కో కోడ్ వేయాలి. ఒక నియమం మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతుంది: రికార్డులో షుగరు ఉండి, నరాలు మొద్దుబారడమూ ఉంటే, డాక్టరు రాయకపోయినా ఆ రెండింటికీ ముడి వేయాల్సిందే. కారణం వేరే అని డాక్టరే రాస్తే తప్ప ఆ ముడి విప్పకూడదు.

"ఏందప్పా, ఈ ఎండల్లో సాక్సులు?"

"ఊరికేనమ్మా," అంటూ తండ్రి ప్రేమరాజు కాళ్ళు మంచం కిందికి లాక్కున్నాడు. బంగారు గనిలో సగం జీవితం గడిపి, అది మూతపడ్డాక ఇంటిపట్టున ఉన్న మనిషి. అప్పుడే డయానాకు ఏదో వాసన తగిలింది. ఆయన వద్దంటున్నా వినకుండా సాక్సు లాగేసింది. దేవుడా! బొబ్బలు పగిలి వేళ్ళు నల్లబడి ఉన్నాయి.

"అమ్మా, చూడనే లేదా నువ్వు? షుగరు మనిషిని ఇట్లా వదిలేస్తారా?"

"నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడే! ఇంగ నేనేం చేసేది?" మార్తా కొంగు నోట్లో కుక్కుకుంది.

"పొద్దస్తమానం నేను చూసేది ఈ జబ్బులే కదా! నీకు అంత కానిదాన్నయినానా అప్పా?"

"నొప్పే లేదు కదమ్మా," అన్నాడాయన తలెత్తకుండా.

ఆసుపత్రిలో డాక్టరు పాదం చూసి పెదవి విరిచాడు. "వేళ్ళు తీసేయాలి. ఆలస్యమైతే పాదమే పోతుంది. ఇవి కాలిన బొబ్బలు. ఎట్లా కాలింది?"

"పొయ్యి మీది గంజి ఒలికింది సార్. నేనే ఒలకబోసుకున్నాను," అన్నాడు ప్రేమరాజు.

ఆ ఇంట్లో గంజి కాచి ఏళ్ళయింది. షిఫ్టు దిగి వచ్చి ఉప్పు వేసిన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకోవడం గని మనుషుల అలవాటు. గని పోయినా ఆయనకు ఆ అలవాటు పోలేదు. సాయంత్రాలు ఆ నీళ్ళు కాచి పోసేది డయానానే. "ఇంకా వేడి పొయ్యమ్మా, వేడే తెలీడం లేదు," అనేవాడు. పెద్దప్రాణానికి చలి కాబోలనుకుని ముద్దుగా విసుక్కుంటూ మరో చెంబు పోసేది. ముక్కూమొహం తెలియని వాళ్ళకు ముడి వేసిన చేయి, కన్నతండ్రికి వేయలేదు.

డాక్టరు గంజి అని రాసుకోబోయాడు.

"కాదు సార్. వేడినీళ్ళు. పోసింది నేనే."

"ఎందుకు చెప్పినావమ్మా?" అన్నాడు ప్రేమరాజు. "నీ మీద పడకూడదనే కదా దాచినాను."

డయానా ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి బావురుమంది. ఆయన ఆమె జుట్టు నిమిరాడు.

"ఏడవొద్దు తల్లీ. వేడి తెలీలేదన్నది నిజమే. అయితే నువ్వు ఆ పెట్టె మూసి నా పక్కన కూర్చునేది ఆ కాసేపే కదా. దానికోసమే ఇంకో చెంబు, ఇంకో చెంబు అని అడిగేవాణ్ణి."

మార్తా ఇద్దరినీ పొదువుకుంది. సంచిలో ఆఫీసు ఫోను మోగుతూనే ఉంది. డయానా దాన్ని ఆపేసి, ఆపరేషన్‌కు తీసుకుపోయేదాకా తండ్రి పక్కనే కూర్చుంది.